ఏటవాలు భూమికి తక్కువ ఖర్చులో ఏ బండి మేలు?

మెట్టచేను:
నమస్కారమండీ. నాలుగెకరాల వాలు భూమి మాది. కింది సగం ఓ మోస్తరు వాలు, పై సగం బాగా నిటారు. మట్టి కోసుకుపోకుండా గడ్డి ఉంచాం, మధ్యలో పండ్ల చెట్లు. గడ్డి, పొదలు కొట్టాలి, ఎరువు, కట్టెలు మోయాలి. సెకండ్ హ్యాండ్‌లో నాలుగు చక్రాల క్వాడ్ బైక్, 20 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు, పవర్ టిల్లర్ చూస్తున్నాను. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరైతే (ఇంజను వెనక రెండు చక్రాలనే తిప్పేది) బాగా చవగ్గా వస్తోంది. సరిపోతుందా?

గేరుపెట్టె:
ముందు వాలు కొలవండి. మీటరు పొడవు తిన్నటి కర్ర ఒక కొనను నేలకు ఆనించి, పల్లం వైపు చాపండి. కర్ర మీద పెట్టిన రసమట్టంలో బుడగ మధ్యకు రాగానే, రెండో కొన నుంచి నేలకు ఎంత ఎత్తుందో చూడండి. 27 సెంటీమీటర్లయితే 15 డిగ్రీలు, 36 అయితే 20, 47 అయితే 25. కూర్చుని నడిపే గడ్డికోత యంత్రాల్లో చాలావాటికి తయారీదార్లు 15 డిగ్రీల దగ్గరే గీత గీస్తారు. ట్రాక్టరైనా ఆపైన అడ్డంగా తోలొద్దు, నిలువుగానే ఎక్కి దిగాలి.

టూ వీల్ డ్రైవ్ మాత్రం వద్దండీ. ఎక్కడానికి పట్టు చాలదనే కాదు, అసలు ప్రమాదం దిగేటప్పుడు. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. పల్లానికి దిగుతుంటే బరువంతా ముందుకు పోయి వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు బ్రేకు తొక్కితే అవి బిగుసుకుని తడిగడ్డి మీద జారిపోతాయి, ముందు చక్రాలు ఊరికే దొర్లుతుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే షాఫ్టు ముందు వెనక చక్రాలను కలిపి ఉంచుతుంది కాబట్టి ఆ బ్రేకు, ఇంజను పట్టు నాలుగింటికీ అందుతాయి. అందుకే ఖాళీగా దిగుతున్నా ఫోర్ వీల్ తీయకూడదు. ఎడమ, కుడి వెనక చక్రాలకు విడివిడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేసి ఉంచండి. తక్కువ గేరు వాలు మొదలవ్వకముందే వెయ్యాలి, మధ్యలో క్లచ్ తొక్కారా, బండి మీ చేతిలో ఉండదు.

పల్లంవైపు:
పై మాటతో ఏకీభవిస్తాను. దానికి తోడు వెడల్పు సంగతి. ట్రాక్టరు ముందు ఇరుసు నడిమధ్య పిన్ను మీద ఊగుతుంది. అంటే ఆ పిన్ను, రెండు వెనక చక్రాలు, ఈ మూడింటి మీదే బండి నిలబడి ఉంటుంది. వెనక చక్రాలు ఎంత దూరంగా ఉంటే అంత క్షేమం. చాలా మోడళ్లలో రిమ్ము తిప్పి బిగిస్తే వెడల్పు పెరుగుతుంది. అయితే ఉన్నచోటే తిప్పితే టైరు పళ్ల దిశ తిరగబడుతుంది, అందుకని ఎడమ చక్రం కుడికి, కుడిది ఎడమకు మార్చాలి. తర్వాత టైర్లలో నీళ్లు నింపండి: వాల్వు పైకి వచ్చేలా తిప్పి, వాల్వు మట్టం దాకా, అంటే దాదాపు 75 శాతం. లీటరు నీరు కిలో బరువు, అదీ అడుగున. గడ్డకట్టే చలి ఉన్నచోట కాల్షియం క్లోరైడ్ కలుపుతారు కానీ ట్యూబు లేకపోతే రిమ్ము తినేస్తుంది.

రోల్‌బార్ (బండి తిరగబడినా నడిపేవాళ్లు నలిగిపోకుండా కాపాడే ఇనుప చట్రం) లేని బండి ఎంత చవకైనా కొనకండి. ఉంటే, నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోవాలి. మడిచిన రోల్‌బార్ ఉన్నా లేనట్టే.

ట్రైలరును వెనక ఇరుసు కంటే కింద ఉన్న కొక్కేనికే తగిలించండి. పైన కడితే లాగేటప్పుడు ముందు చక్రాలు లేచి, సెకనులో బండి వెనక్కి తిరగబడొచ్చు. ఇక క్వాడ్ బైక్ సన్నం, తేలిక. బ్రేకుల్లేని ట్రైలరు నిండుగా కడితే దిగేటప్పుడు వెనక నుంచి నెట్టేస్తుంది. సగం నిండిన మందు ట్యాంకు పెట్టడమూ అంతే, నీళ్లు పల్లం వైపుకే పోతాయి.

మెట్టచేను:
కొలిచానండీ. కింద 22 సెంటీమీటర్లు, పైన 44. పై భాగానికి పవర్ టిల్లర్ పనికొస్తుందా?

గట్టుకోత:
అంటే కింద 12 డిగ్రీలు, పైన దాదాపు 24. కిందకు ఫోర్ వీల్ చిన్న ట్రాక్టరు సరిగ్గా సరిపోతుంది. పైన దాన్ని గడ్డి కొయ్యడానికి దింపకండి.

మామూలు పవర్ టిల్లర్‌తో ఒక చిక్కుంది. ఎడమ స్టీరింగ్ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను పట్టు పోతుంది. చదునులో అది ఆగి బండి ఎడమకు తిరుగుతుంది. పల్లంలో ఇంజను చక్రాలను ఆపుతూ ఉంటుంది కాబట్టి, పట్టు వదిలిన ఎడమ చక్రమే ముందుకు ఉరికి బండి కుడికి తిరుగుతుంది! కొత్తవాళ్లు గాభరాపడేది ఇక్కడే. రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్, జంట చక్రాలు, పక్కకు తిరిగే హ్యాండిల్ ఉన్న గడ్డికోత రకమైతే వేరు. అప్పుడు కూడా మనిషి యంత్రానికి ఎత్తు వైపే నడవాలి.

చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆయిలు పంపు ఉండదు, కనెక్టింగ్ రాడ్డుకున్న చిన్న గరిటె ఆయిలును చిమ్ముతుంది. బండి చాలాసేపు ఒకే పక్కకు వాలి ఉంటే ఆయిలు ఓ మూలకు చేరి గరిటెకు అందదు, బేరింగు పట్టేస్తుంది. ఎన్ని డిగ్రీల దాకా ఫరవాలేదో మాన్యువల్‌లో చూసి, ఆయిలు పై గీత దగ్గరే ఉంచండి.

ఖర్చు తగ్గాలంటే నా సలహా ఇది. పై భాగంలో వాలుకు అడ్డంగా ఒకటి రెండు చదును బాటలు తీయించండి, ట్రాక్టరు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు చాలు. మోత పనంతా వాటి మీదే, మధ్య గడ్డి బ్రష్ కట్టర్‌తో. బాటకు పల్లం వైపు అంచు పోసిన మట్టి, అది కూలుతుంది. చక్రాలు ఎప్పుడూ తవ్విన గట్టినేల మీదే ఉండాలి.

గేరుపెట్టె:
కొనేటప్పుడు ముందు చక్రాల ఇరుసు ఆయిలు కొంచెం వదిలి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది, సీళ్లు పోయాయి. ఫోర్ వీల్ వేసి నెమ్మదిగా నడుపుతూ ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో మెత్తటి నేలలో చూడాలి, లివర్ కదిలినంత మాత్రాన నమ్మొద్దు. ఒక్కో బ్రేకు విడివిడిగా తొక్కండి, రెండు వైపులా ఒకేలా పట్టకపోతే వాలు మీద బండి అడ్డం తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకును వాలు మీదే పరీక్షించండి, ఒకరు సీట్లో ఉండగా.