బైకు కట్ కొట్టిన ప్రతిసారీ కారు ఆగిపోతోంది: ఆర్‌ఎస్‌ఎస్ భద్రతా దూరం తగ్గించొచ్చా?

ప్రశ్న (ఎంటెక్, గుంటూరు):
విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు మీద ఉండే రద్దీని కార్లా అనే, డ్రైవర్ లేని కార్లను పరీక్షించే సిమ్యులేటర్‌లో కట్టాం. బైకులు రెండు పక్కల నుంచీ దూరతాయి, ఆటోలు చెప్పాపెట్టకుండా ఆగుతాయి. డ్రైవర్ లేని మా కారు వేగం సెకనుకు 10 మీటర్లు. ముందు బండితో ఎడం ఆర్‌ఎస్‌ఎస్ (రెస్పాన్సిబిలిటీ సెన్సిటివ్ సేఫ్టీ, బళ్ల మధ్య ఉండాల్సిన కనీస దూరం లెక్కగట్టే పద్ధతి) సూత్రం చెప్పిన దూరం కన్నా తగ్గితే పూర్తి బ్రేక్ పడుతుంది. స్పందన సమయం 1 సెకను, ఆ లోపు త్వరణం 2, మన కనీస బ్రేకింగ్ 4, ముందు బండి గరిష్ఠ బ్రేకింగ్ 8 (ఈ మూడూ మీ/సె²లో) తీసుకున్నాం. రెండు బళ్లూ ఒకే వేగంతో ఉంటే 22.75 మీటర్లు వస్తోంది. అంత ఖాళీ ఇక్కడ ఎవరు వదులుతారు? కారు మాటిమాటికీ ఆగిపోతోంది, వెనక బండి వచ్చి గుద్దుతోంది. స్పందన సమయం 0.2 చేస్తే దూరం 9.3 మీటర్లకు దిగి సాఫీగా పోతోంది. థీసిస్‌లో అలాగే పెట్టొచ్చా?

జవాబు 1:
వద్దండీ. స్పందన సమయం మనకు నచ్చినట్టు పెట్టుకునే అంకె కాదు, కొలిచి తేల్చాల్సింది. లైడార్ (లేజర్ కిరణాలతో దూరం కొలిచే సెన్సార్) 10 హెర్ట్జ్, అంటే సెకనుకు 10 స్కాన్లు, ట్రాకర్ (బళ్ల కదలికను వెంటాడే ప్రోగ్రాం) మూడు ఫ్రేముల్లో కనిపిస్తేనే బైకును నమ్ముతుందనుకోండి. ఒక స్కాన్ అయిపోయిన మరుక్షణం బైకు దూరితే గుర్తింపుకే 0.3 సెకను పోతుంది. లెక్కల సమయం, బ్రేక్ ఒత్తిడి పెరిగే సమయం ఇంకా కలపాలి. 0.2 ఎక్కడ సరిపోతుంది?

బైకు మన దారిలోకి వచ్చిన క్షణం సిమ్యులేటర్ అసలు డేటాలో దొరుకుతుంది. అక్కడి నుంచి మందగమనం నిజంగా 4కు చేరేదాకా ఎంత పట్టిందో కొన్ని వందల రన్నుల్లో లాగ్ చేయండి. సగటు కాదు, అన్నిటికన్నా చెడ్డ విలువ తీసుకోండి. 0.5 వస్తే దూరం 14.1 మీటర్లు.

జవాబు 2:
అసలు తప్పు మీ షరతులోనే ఉంది. 2017లో మొబిల్‌ఐ వాళ్లు ప్రతిపాదించిన ఆర్‌ఎస్‌ఎస్‌లో నిలువు దూరం (ముందు బండితో ఎడం), పక్క దూరం రెండూ చాలకపోతేనే ప్రమాద స్థితి. మీరు నిలువు దూరం ఒక్కటే చూస్తున్నారు, అందుకే పక్కన పోతున్న బైకుకీ బ్రేక్ పడుతోంది.

రెండోది, ఏ దూరం చివరగా చాలకుండా పోయిందో చూడాలి. ముందు ఆటో వేగం తగ్గించి నిలువు దూరం చివరగా తరిగితే, స్పందన సమయం దాటాక కనీసం 4తో బ్రేక్ వేయాలి. పూర్తి బ్రేక్ వేయమని సూత్రం చెప్పదు, వెనక బండి గుద్దడానికి సగం కారణం అదే. బైకు పక్క నుంచి కట్ కొడితే చివరగా తరిగింది పక్క దూరం. అప్పుడు మన బాధ్యత అటువైపు స్టీరింగ్ తిప్పకుండా ఉండడం. అలాగని ఎడం అలాగే వదిలేయకూడదు. నా లెక్కలో 1 నుంచి 1.5 మందగమనంతో మెల్లగా పెంచుకోవాలి. ఢీకొనే సమయం బాగా తగ్గితే పూర్తి బ్రేక్ వేసే పొర వేరుగా ఉంచండి.

మన రోడ్ల మీద పక్క దూరాన్ని లేన్ గీత నుంచి కొలవకండి. కారు పోబోయే దారి అంచు నుంచి కొలవండి.

జవాబు 3:
బైకు వేగం ఎలా తీస్తున్నారు? వరుస ఫ్రేముల స్థానాలు తీసివేస్తే మాత్రం 0.1 సెకను తేడాలో చెరో 10 సెంటీమీటర్ల పొరపాటు సెకనుకు 2 మీటర్ల దొంగ వేగం చూపిస్తుంది. కొలతల్లోని పొరపాట్లను సర్దే కాల్మన్ ఫిల్టర్ పెట్టండి. సింక్రోనస్ మోడ్‌లో, అంటే సిమ్యులేటర్ మీ ప్రోగ్రాం కోసం ఆగి ఆగి సాగేలా, 0.05 సెకను స్థిర అడుగుతో నడపండి, లేకపోతే ఒకే సన్నివేశం రెండుసార్లు ఒకేలా రాదు. ఇంకోటి, కార్లా టౌన్ మ్యాపులు కుడివైపు ట్రాఫిక్‌వి. మన ఎడమవైపు రోడ్డును రోడ్డు మ్యాపుల ఫార్మాట్ అయిన ఓపెన్‌డ్రైవ్‌లో వేరుగా గీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
పక్క దూరం షరతు కలుపుతాం. వాన సన్నివేశానికి కనీస బ్రేకింగ్ 3 చేస్తే ముందు బండి 8ని కూడా తగ్గించాలా?

జవాబు 2:
వద్దు. తడి రోడ్డు మీద మన టైర్ల పట్టు మనకు తెలుసు, ముందు బండిది తెలియదు. 8 అలాగే ఉంచితే 0.5 సెకనుకు 19.2 మీటర్లు వస్తుంది. 10 మీటర్ల వేగానికి అంత ఖాళీ దొరకకపోతే వేగమే తగ్గించాలి.