కనూలోంచి బాస్ వేట: గాలికి పడవ నిలవడం లేదు

ప్రశ్న:
అమెరికాలోని మిన్నెసోటాలో మోటారు బోట్లు తిరగని చిన్న సరస్సు, 16 అడుగుల అల్యూమినియం కనూ (తెడ్డుతో నడిపే సన్నని తేలిక పడవ). గట్టు వెంట కలువాకులు, వాటి అంచున 7, 8 అడుగుల లోతు. లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి చేప) బాగానే ఉన్నాయి. ఒక్కడినే వెళ్తే, రెండుసార్లు గాలం విసిరేలోపే గాలి పడవను తిప్పేసి ఆకుల్లోకి తోసేస్తోంది. లంగరు ఎంత బరువుండాలి? ఎక్కడ కట్టాలి? ఏ ఎర నయం?

జవాబు:
లంగరు సంగతి తర్వాత, ముందు కూర్చునే చోటు మార్చండి. వెనక సీట్లో ఒక్కరే కూర్చుంటే పడవ ముక్కు పైకి లేస్తుంది. గాలి దాన్నే పట్టి తిప్పుతుంది. ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంటే బరువు మధ్యకు వస్తుంది. అప్పటికీ ఎదుటి కొస లేస్తుంటే అక్కడ నీళ్ల డబ్బా ఒకటి పెట్టండి.

3 పౌండ్ల మడత లంగరు చాలు, కానీ తాడు 35 అడుగులకు తగ్గకూడదు. తాడు పొట్టిదైతే లంగరు అడుగున పట్టు దొరక్క జారుతుంది. కట్టడం మాత్రం పడవ కొసకే. పక్కన కట్టారో, అల తగిలినప్పుడు తాడు ఆ అంచునే కిందికి లాగి పడవను బోర్లా వేస్తుంది. ఒక్క గుంజుకు ఊడే ముడి వెయ్యండి, చాకు చేతికందేలా ఉంచండి.

జవాబు:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. అల్యూమినియం కాబట్టి ఇంకోటి: లంగరు, తెడ్డు, పెట్టె ఏది పడవ అడుగుకు తగిలినా ఆ చప్పుడు నీళ్లలోకి పోతుంది. పాత యోగా చాప పరవండి.

ఎరకు 5 అంగుళాల మెత్తని ప్లాస్టిక్ పురుగు, 1/0 సైజు కొక్కెం దాని నడుముకు గుచ్చి, బరువేమీ లేకుండా ఆకుల అంచున వదలండి. రెండు కొసలూ అల్లాడుతూ నెమ్మదిగా దిగుతుంది, బాస్ ఎక్కువగా ఆ దిగేటప్పుడే పట్టుకుంటుంది. చేతికి కుదుపు తెలియకపోవచ్చు, లైన్ (గాలం దారం) మీదే కన్నుండాలి. అది పక్కకు జరిగిందంటే చేప నోట్లో ఉన్నట్టే. నాచు చిక్కుకుంటుంటే 3/0 సైజు ఆఫ్‌సెట్ కొక్కెం (మెడ దగ్గర వంపున్నది) వాడి, మొనను పురుగులోనే దాచేయండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. చేప ఆకుల్లోకి దూరితే?

జవాబు:
గుంజకండి, లైన్ బిగువుగా పట్టుకోండి చాలు. కనూ తేలిక కాబట్టి చేప కదలకపోతే పడవే దాని దగ్గరికి పోతుంది. లేచి నిలబడొద్దు, అంచు మీదికి వంగొద్దు. నడుము పడవ మధ్యలోనే ఉంచి, చేపను పక్కకు తెచ్చాక బొటనవేలితో కింది దవడ పట్టుకోండి. దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే, కోయవు. మూడు ముళ్ల కొక్కెం ఉన్న ఎరైతే మాత్రం చెయ్యి పెట్టకుండా వల వాడండి.

గుడ్లు పెట్టే రోజుల్లో, లోతు తక్కువ చోట గుండ్రటి గుంట మీద కదలకుండా నిలిచిన బాస్ కనిపిస్తే దాని జోలికి పోకండి. అది గుడ్లకు కాపలా ఉన్న మగచేప. దాన్ని తీస్తే కాసేపట్లోనే బ్లూగిల్స్ అనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి.