హోటల్లో జనరల్ మేనేజర్ కావాలంటే సేల్స్ దారి సరిపోతుందా, ఆపరేషన్స్ తప్పదా?

డెస్క్ వెనక:
విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్ఎంలో చదివి, మాదాపూర్‌లో ఒక పెద్ద హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరతావా అని అడిగారు. మా డ్యూటీ మేనేజర్ వద్దంటున్నారు. సేల్స్‌కు వెళ్లినవాళ్లు డైరెక్టర్ ఆఫ్ సేల్స్ దగ్గరే ఆగిపోతారట, జనరల్ మేనేజర్ కుర్చీ ఎప్పుడూ ఫుడ్ అండ్ బెవరేజ్ వాళ్లకో రూమ్స్ వాళ్లకో, అంటే ఆపరేషన్స్ వైపు వాళ్లకే, దక్కుతుందట. సేల్స్ వాళ్లను అడిగితే, గదులు అమ్మడం రానివాడు హోటల్ ఏం నడుపుతాడని నవ్వుతున్నారు. ఈ రంగంలో ఉన్నవారు చెప్పండి. ఎంబీఏ చేసి నేరుగా సేల్స్‌లో చేరినవారి మాట కూడా వినాలని ఉంది.

రాత్రి ఆడిట్:
మీ డ్యూటీ మేనేజర్ చెప్పిందే నిజం. ఒబెరాయ్ హోటళ్లు స్థాపించిన ఎం.ఎస్. ఒబెరాయ్ 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో గుమాస్తాగా చేరి పైకి వచ్చారు. అర్ధరాత్రి లిఫ్టు ఆగిపోయి అతిథి అందులో ఇరుక్కుంటే ఎవరిని లేపాలో తెలియనివాడు ఎన్ని కార్పొరేట్ ఒప్పందాలు తెచ్చినా హోటల్ అతని చేతిలో పెట్టరు. పెట్టకూడదు కూడా.

హైటెక్ పక్షి:
ఒబెరాయ్ గారి కథ హోటల్ కాలేజీలో చేరిన మొదటి వారంలోనే వింటాం. మిగతా సగం కూడా చెప్పండి. ఆయన 1934లో భార్య నగలతో సహా ఉన్నదంతా తాకట్టు పెట్టి క్లార్క్స్ హోటల్ సొంతం చేసుకున్నారు. యజమానికి ప్రమోషన్ ఎవరిస్తారు? ఉద్యోగం చేసుకునేవాళ్లకు అది ఉదాహరణ ఎలా అవుతుంది? నేనూ ఒకటి చెబుతాను. 2012లో మారియట్ హోటళ్ల సంస్థకు మారియట్ కుటుంబం బయటి నుంచి వచ్చిన తొలి సీఈఓ ఆర్న్ సోరెన్సన్. వృత్తిరీత్యా న్యాయవాది. ప్లేట్లు మోసి పైకి రాలేదు.

ఇక మన ఊరి సంగతి. 2006లో హెచ్ఐసీసీ సమావేశ కేంద్రం వచ్చాక, 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక, పడమటి హైదరాబాద్‌లో హోటల్ వ్యాపారం రూపే మారిపోయింది. సోమవారం నుంచి గురువారం దాకా ఐటీ కంపెనీల అతిథులు. శుక్రవారం సాయంత్రానికి లాబీ ఖాళీ. ఆ మూడు రాత్రులు ఎలా నింపాలి, నిండిన నాలుగు రాత్రులు ఎవరికి ఎంతకు ఇవ్వాలి అన్నదే హోటల్ బతుకు. 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు లాంటిది వచ్చినప్పుడు ఆ తేదీలను ముందే ఎవరికో చౌకగా కట్టబెట్టి కూర్చున్న హోటల్ పరిస్థితి ఊహించుకోండి. ఈ లెక్క రోజూ వేసేది సేల్స్ వాళ్లు, గదుల ధరలు చూసే రెవెన్యూ వాళ్లే.

రాత్రి ఆడిట్:
సోరెన్సన్ కూర్చున్నది ప్రధాన కార్యాలయంలో. ఇక్కడ మాట్లాడుతున్నది మూడు వందల గదుల హోటల్ నడిపే మనిషి గురించి. రెండూ ఒకటి చేయకండి.

బాంక్వెట్ బాబాయి:
ఇద్దరూ పెద్దపెద్ద పేర్లు పట్టుకొచ్చారు. నేను ఒక పెళ్లి చెబుతాను.

బాంక్వెట్ హాలుకు ఆషాఢంలో, మూఢంలో అమ్మబోతే అడవి. శ్రావణం రాగానే కొనబోతే కొరివి. అలాంటి శ్రావణంలో మా హోటల్ సేల్స్ కుర్రాడు ఒక పెళ్లి పట్టుకొచ్చాడు. గ్యారంటీ ప్లేట్లు ఆరు వందలు, ధర కూడా బాగుంది, అందరూ భుజం తట్టారు. ముహూర్తం రాత్రి 2:40కి. మర్నాడు ఉదయం తొమ్మిదికి అదే హాల్లో ఒక మందుల కంపెనీ సమావేశం. అది అమ్మిందీ ఆ కుర్రాడే. కాగితం మీద రెండు వేర్వేరు తేదీలు కదా, కంప్యూటర్ కూడా అడ్డు చెప్పలేదు.

తెలుగు పెళ్లి ముహూర్తంతో అయిపోదు. తలంబ్రాలు, హోమం, అరుంధతి, ఆపై అప్పగింతల ఏడుపులు. మండపం విప్పేవాళ్లు లోపలికి వచ్చేసరికి తెల్లవారింది. కార్పెట్‌లో దిగిన తలంబ్రాల బియ్యం వాక్యూమ్ క్లీనర్‌కు ఒక పట్టాన రాదు, పసుపు మరకైతే అసలే పోదు. హౌస్‌కీపింగ్ అమ్మాయిలు మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షులతో రుద్దారు. ఇక హోమం. ఎఫ్‌పీలో, అంటే హాలు ఏర్పాట్లన్నీ రాసి అన్ని విభాగాలకూ పంపే కాగితంలో, ఆ ముక్కే లేదు. ఆ హాలు పొగ అలారాన్ని ఇంజనీరింగ్ వాళ్లు కాసేపు ఆపి, మంటల మీద కన్నేసి ఉంచడానికి ఒక మనిషిని నిలబెట్టాలి. ఎవరూ చెప్పకపోతే వాళ్లకేం తెలుస్తుంది? సరిగ్గా పురోహితుడు నెయ్యి పోస్తున్నప్పుడు అలారం మోగింది. పెళ్లికూతురు తండ్రి ముఖం నాకింకా గుర్తుంది.

ఆ కుర్రాడిది తెలివితక్కువతనం కాదు. ఒక్క సీజను బాంక్వెట్‌లో నిలబడి ఉంటే అతనే మొదట అడిగేవాడు: ముహూర్తం ఎన్నింటికండీ, హోమం ఉందా అని. కాబట్టి తమ్ముడూ, సేల్స్‌కు వెళ్లు, కానీ ముందు బాంక్వెట్ చూసి వెళ్లు.

లెక్కల పిన్ని:
ఎంబీఏ చేసి నేరుగా సేల్స్‌లో చేరినదాన్ని నేనే. బాబాయి గారి కథ బాగుంది, కానీ దాంతో పూర్తిగా ఏకీభవించను. ముహూర్తం అడగడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టదు. సేల్స్ వాళ్లు పైకి వెళ్లలేక ఆగిపోయేది ప్లేట్లు మోయనందుకు కాదు. వచ్చే డబ్బు మాత్రమే చూసి, పోయే డబ్బు చూడనందుకు.

గది అద్దెకు జీఎస్టీ ఉదాహరణ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400కు ఇస్తే అతిథికి బిల్లు 7,770. 7,600కు ఇస్తే 8,968. హోటల్‌కు పెరిగేది 200, అతిథికి పెరిగేది దాదాపు 1,200. దసరా నుంచి డిసెంబర్ దాకా కంపెనీలతో వచ్చే ఏడాది ధరలు మాట్లాడేటప్పుడు ఈ గీత ఎక్కడుందో తెలియని సేల్స్ మనిషి ఉండరు. అయితే ఈ లెక్కకు ఇంకో వైపు ఉంది. 5 శాతం గదిపై హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తాను కొన్నవాటిపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, రాదు. లాండ్రీ మీద, ఏసీ మరమ్మతు మీద కట్టిన పన్ను ఖర్చులోకే పోతుంది. 7,400కు సంతకం చేయించి సంబరపడే సేల్స్ మేనేజర్లను చాలామందినే చూశాను. ఆ తర్వాత ఫైనాన్స్ గదిలోకి వెళ్లి, ఈ ధరకు మనకు మిగిలేదెంత అని అడిగినవాళ్లు తక్కువ. జనరల్ మేనేజర్ పదవికి ఇంటర్వ్యూలో యజమాని తరఫువారు అడిగేది కచ్చితంగా అదే.

రెండో సంగతి ఎవరూ చెప్పడం లేదు. సేల్స్ ఎగ్జిక్యూటివ్ కింద ఏళ్ల తరబడి ఒక్క మనిషి కూడా ఉండరు. ఫ్రంట్ ఆఫీసులో షిఫ్ట్ చూసే కుర్రవాడు అప్పటికే రోస్టర్ వేస్తాడు, బోనాల రోజు ముగ్గురు సెలవు అడిగితే ఎవరికివ్వాలో తేలుస్తాడు. మనుషులతో పని చేయించడం అక్కడ అలవడుతుంది. మేము కస్టమర్‌ను ఒప్పించడంలో దిట్టలం, సొంత మనుషులను ఒప్పించాల్సి వచ్చేసరికి తడబడతాం. (ఆడవాళ్లకైతే రాత్రి పార్టీ ముగిశాక ఇంటికి బండి ఎవరు పంపుతారన్నది ఇంకో ప్రశ్న. దానికి వేరే చర్చ పెట్టాలి.)

హైటెక్ పక్షి:
పిన్ని గారూ, ఇదంతా ఒప్పుకుంటే మీరూ ఆపరేషన్స్ పక్షమేనని అర్థం.

లెక్కల పిన్ని:
కాదు. ఆపరేషన్స్‌లో ఉన్నవాళ్లు ఖర్చు తగ్గించడమే నాయకత్వం అనుకుంటారు. అల్పాహారంలో రెండు రకాలు తీసేసి ఆదా చేశామంటారు, ఆ రెండింటి కోసమే వచ్చే కంపెనీ ఒప్పందం పోతే అది సేల్స్ తప్పంటారు. వాళ్లకూ సగమే కనిపిస్తుంది.

రాత్రి ఆడిట్:
అల్పాహారం దగ్గర మమ్మల్ని పట్టేశారు, కాదనను. అయినా నా ఓటు మారదు. సగం సగం అంటున్నారు కదా, ఆపరేషన్స్ సగం నలభై ఏళ్లు దాటాక నేర్చుకోవడం కష్టం. డైరెక్టర్ ఆఫ్ సేల్స్ హోదాలో ఉన్న మనిషి రాత్రి షిఫ్ట్ చేస్తానంటే ఏ హోటల్ ఒప్పుకుంటుంది?

డెస్క్ వెనక:
అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. సేల్స్ ఆఫర్ ఒప్పుకుంటూనే మొదటి కొన్ని నెలలు బాంక్వెట్‌లో ఉంచమని అడగవచ్చా? హెచ్ఆర్ వాళ్లు తప్పుగా అనుకుంటారా?

బాంక్వెట్ బాబాయి:
అనుకోరు. కానీ నోటి మాట మీద నమ్మకు, ఆఫర్ లెటర్‌లో రాయించుకో. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది కూడా ఉండాలి. శ్రావణంలో అడిగితే పంపుతారు, ఆషాఢంలో పంపితే ఖాళీ హాలు చూసి వస్తావు.

లెక్కల పిన్ని:
ఇన్సెంటివ్ దేని మీద ఇస్తారో కూడా అడగండి. అమ్మిన గదుల సంఖ్య మీదా, వచ్చిన మొత్తం మీదా, మిగిలిన దాని మీదా? మొదటిదైతే మీకు నేర్పేది డిస్కౌంట్ ఇవ్వడం ఒక్కటే.

రాత్రి ఆడిట్:
వెళ్లేవారు వెళ్లండి. డిసెంబర్ 31 రాత్రి మాత్రం సేల్స్ బ్లేజర్ వేసుకునైనా సరే, డెస్క్ దగ్గరికి వచ్చి నిలబడండి. మనుషులు చాలడం లేదు.