ముందు టైర్లు ఒక పక్కే తింటున్నాయి, 45 దాటితే హోరు. అలైన్‌మెంట్ చేయించినా అదే తంతు

పది_చక్రాలు:

28 టన్నుల పది చక్రాల లారీ, వెనక బోగీ సస్పెన్షన్ (రెండు యాక్సిళ్లు జంటగా ఉండేది). జగ్గయ్యపేట వైపు నుంచి హైదరాబాద్‌కు సిమెంటు, తిరుగు ప్రయాణం ఎక్కువగా ఖాళీయే. ముందు 295/90ఆర్20 రేడియల్స్, రిబ్ డిజైను. 22,000 కిలోమీటర్లు తిరిగాయి.

డెప్త్ గేజితో చూసిన గాడి లోతు కొలతలు:
ఎడమ టైరు: బయటి అంచు 5.5 మి.మీ., మధ్య 10, లోపలి అంచు 9.5.
కుడి టైరు: బయటి అంచు 9.5, మధ్య 10, లోపలి అంచు 6. పైగా ఆ లోపలి అంచు మీద జానెడుకొకటి చొప్పున గుంతలు. చుట్టూ 13 లెక్కకొచ్చాయి.

గాలి 120 పీఎస్ఐ, పొద్దున్నే చూసిందే. లేజర్ అలైన్‌మెంట్ రెండుసార్లు అయింది, కాగితంలో టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) 1 మి.మీ. అని ఉంది. స్టీరింగ్ వణకదు. 45 దాటగానే క్యాబిన్‌లో హోరు మొదలై 60కి బాగా పెరుగుతుంది. ఒకరు టైర్లు మార్చేయమంటున్నారు. ఇంకొకరు క్యాంబర్ (చక్రం నిలువులో ఉండే వాలు) పోయింది, యాక్సిల్ కాల్చి వంచాలంటున్నారు. హోరు టైర్లదా, క్రౌన్ పినియన్‌దా (వెనక యాక్సిల్‌లోని గేర్లదా)? ముందు దేని మీద చెయ్యి పెట్టాలి?

గ్రీజుగన్:

యాక్సిల్ కాల్చడం అనే మాట ముందు పక్కన పెట్టండి. ముందు బీమ్ (రెండు ముందు చక్రాల మధ్య ఉండే యాక్సిల్ దూలం) ఫోర్జింగ్ చేసి హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చిన ఇనుము. గ్యాస్ మంటతో ఎర్రగా కాలిస్తే అక్కడ బలం పోతుంది, తర్వాత లోడు మీద ఏ గుంటలోనో విరుగుతుంది. బీమ్ నిజంగా వంగి ఉంటే ప్రెస్ మీద చల్లగా సరిచేసే చోటికి వెళ్లాలి, లేదంటే మార్చుకోవాలి. అయినా మీ కొలతలు బీమ్ వంగిన బండివిలా లేవు. ఓవర్‌లోడుతో బీమ్ కుంగితే రెండు టైర్లూ లోపలి అంచులే తింటాయి.

టో ఇన్ ఎక్కువైతే రెండు టైర్ల బయటి అంచులూ పోతాయి. టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తిరగడం) అయితే రెండింటి లోపలి అంచులూ పోతాయి. అరచేతిని ట్రెడ్ (టైరు రోడ్డుకు తగిలే భాగం) మీద అడ్డంగా రాసి చూస్తే తెలిసిపోతుంది: బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి రంపంలా తగిలితే టో ఇన్ ఎక్కువ. తిరగబడితే టో అవుట్. మీకు ఒకదానికి బయట, ఇంకోదానికి లోపల పోయింది. అంటే టో ఒక్కటే కారణం కాదు. కుడి వైపు గుంతలు వేరే రోగం. చక్రం ఎక్కడో వదులుగా ఉండి రోడ్డు మీద తట్టుకుంటూ వెళ్తోంది.

జాకీ పరీక్ష ఇలా చేయండి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ముందు బీమ్ ఎత్తి, స్టాండు మీద దించండి. ఉత్త జాకీని నమ్మి కింద దూరొద్దు. టైరును పైనా కిందా పట్టుకుని, లేదా కింద గడ్డపార పెట్టి ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి (ట్యాంకుల్లో గాలి నిండుగా ఉండాలి). బ్రేకు తొక్కగానే ఆట పోతే హబ్ బేరింగు. తొక్కినా ఆట ఉంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఉండే నిలువు పిన్ను), దాని చుట్టూ ఉండే బుష్‌లు. తర్వాత పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ కీళ్ల) సంగతి తేలుతుంది. ఇవన్నీ బిగువుగా ఉన్నాకే అలైన్‌మెంట్‌కు అర్థం. వదులు కింగ్ పిన్ మీద పెట్టిన టో, బండి మిషను దిగేదాకే నిలుస్తుంది.

హబ్ బేరింగు అయితే నట్టును చేతి అంచనాతో వదలకండి. హబ్ తిప్పుతూ బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి వదిలి, డయల్ గేజితో చూడండి. ఆట 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ఉండాలి. అది చేతికి దాదాపు తెలియదు. చేతికి తెలుస్తోందంటే ఎక్కువే.

హోరు_వినేవాడు:

అన్నా, హోరు యాడికెల్లి వస్తుందో తెలుసుకునుడు కష్టమేం కాదు. చదును రోడ్డు మీద 60ల పోతుంటె మూడు పనులు చెయ్యి.

ఒకటి, యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తియ్యి, గేర్ల్నే ఉంచు. కాలు తియ్యంగనే సౌండు మారితె, మళ్ల తొక్కంగనే ఇంకో తీరు అయితె క్రౌన్ పినియన్ దిక్కు చూడాలె. ఏం మారకుండ వేగంతోని మెల్లగ దిగితె టైరో బేరింగో.

రెండు, ముందటెనక బండ్లు లేని కాడ స్టీరింగ్ జరంత ఎడమకు, జరంత కుడికి తిప్పు. బరువు ఒక దిక్కు పడ్డప్పుడు గర్రుమని పెరిగి, ఇంకో దిక్కు తిప్పితె తగ్గితె హబ్ బేరింగు మీద అనుమానం.

మూడు, రోడ్డు. సిమెంటు రోడ్డు మీద అడ్డంగ గీతలుంటయి, మంచి టైరు గూడ ఆడ ఊళేస్తది. కొత్తగ ఏసిన తారు మీదికి రాంగనే సౌండు మొత్తం పోతె అది రోడ్డు సౌండే, తగ్గి కొంచెం మిగిలితె టైరు గుంతలది.

నీ లెక్క చూస్తె టైరే. గా సైజు టైరు ఎత్తు 1.04 మీటరు, చుట్టుకొలత 3.27 మీటర్లు. 60ల సెకనుకు అయిదు చుట్లకు మించి తిరుగుతది. 13 గుంతలంటె సెకనుకు 66 దెబ్బలు. గా దెబ్బలే క్యాబిన్‌ల బొంయ్‌మని వినపడుతున్నయి. 45ల 50 దెబ్బలు, గందుకే ఆడ సన్నగ మొదలైతది.

గుంతలకు షాక్ అబ్జార్బర్ గూడ కారణమే. ఒక 20 కిలోమీటర్లు నడిపి ఆపంగనే రెండు షాక్‌ల కింది గొట్టాన్ని జాగ్రత్తగ ముట్టుకో. పని చేసేది వెచ్చగుంటది, సచ్చిపోయింది ఛాసిస్ లెక్క సల్లగుంటది. ఖాళీ బండికి గిది ఇంకా ముఖ్యం. బరువు లేక చక్రం ఎగురుతనే ఉంటది.

తూగుగుండు:

ఇద్దరూ ముందు యాక్సిల్ దగ్గరే ఆగిపోయారు. ఎడమ టైరు బయట, కుడి టైరు లోపల పోయిందంటే రెండూ ఒకే దిక్కుకు ఈడుస్తున్నాయన్న మాట. అలాంటప్పుడు వెనక యాక్సిళ్లు చూడకుండా ముందు వాటి జోలికి వెళ్లకూడదు. వెనక యాక్సిల్ వంకరగా ఉంటే బండి పీతలా పక్కకు నడుస్తుంది. డ్రైవరు నేరుగా పోతున్నాననుకుంటూ రోజంతా స్టీరింగు కాస్త ఓరగా పట్టుకునే ఉంటాడు. దాని ఖరీదు ముందు టైర్లు చెల్లిస్తాయి. లేజర్ కాగితం మరోసారి తీసి చూడండి, వెనక చక్రాల అంకెలు ఉన్నాయా? చాలా చోట్ల ముందు చక్రాలకే మిషను కొలిచే తలలు తగిలించి, టో సరిచేసి, డబ్బు పుచ్చుకుంటారు.

మిషను లేకపోయినా కొలవొచ్చు. చదునైన సిమెంటు నేల మీద ఖాళీ బండిని 10 మీటర్లు నేరుగా నడిపి, స్టీరింగ్ కదల్చకుండా ఆపండి. తాపీ మేస్త్రీ తూగుగుండును ప్రతి హబ్ మధ్య నుంచి వదిలి, కింద సుద్దతో చుక్క పెట్టండి. రెండు పక్కలా ఆరు చుక్కలు. బండి తీసేసి టేపుతో కొలవండి. వెనక రెండు యాక్సిళ్ల మధ్య దూరం ఎడమకూ కుడికీ 3 మి.మీ. మించి తేడా ఉండకూడదు. తర్వాత ముందు హబ్ నుంచి మొదటి వెనక హబ్‌కు రెండు పక్కలా కొలిచి పోల్చండి. తేడా వస్తే టార్క్ రాడ్ల (యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచే కడ్డీల) రబ్బరు బుష్‌లు, యూ బోల్టుల బిగువు, కమాన్ కట్టల (పట్టీ స్ప్రింగుల) సెంటర్ బోల్టు చూడాలి. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ కట్ట మీద జారుతుంది. కట్టకూ సీటుకూ మధ్య మెరిసే గీత పడి ఉంటే అదే సాక్ష్యం.

పది_చక్రాలు:

అన్నీ చూశాను. కుడి చక్రానికి పైనా కిందా ఆట ఉంది, బ్రేకు తొక్కినా పోలేదు. ఎడమ బిగువుగానే ఉంది. టై రాడ్ ఎండ్లు బాగున్నాయి. షాక్‌లు రెండూ వెచ్చగానే ఉన్నాయి. యాక్సిలరేటర్ వదిలినా హోరు మారలేదు. వెనక యాక్సిళ్ల మధ్య దూరం ఎడమ కంటే కుడి 9 మి.మీ. ఎక్కువ. కుడి వైపు టార్క్ రాడ్ బుష్ ఒకటి చీలి ఉంది. అలైన్‌మెంట్ కాగితంలో వెనక అంకెలు లేవు, మీరన్నట్టే.

తూగుగుండు:

హబ్‌ల మధ్య వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది. దాని మీద 9 మి.మీ. అంటే మీటరుకు సుమారు 4. అంటే ఆ రెండు యాక్సిళ్లూ కిలోమీటరుకు 4 మీటర్ల చొప్పున ఒకదాన్నొకటి పక్కకు ఈడ్చుకుంటున్నాయి. చీలిన బుష్ ఒక్కటే మార్చొద్దు, ఆ యాక్సిల్ రాడ్లన్నిటికీ కొత్త బుష్‌లు వేయండి. రాడ్ బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చీలుతుంది. అయ్యాక మళ్లీ చుక్కలు పెట్టి కొలవండి.

గ్రీజుగన్:

కింగ్ పిన్ కిట్ రెండు వైపులా వేయించండి. బుష్‌లు ఎక్కించాక పైదీ కిందదీ ఒకే వరసలో రీమర్ (రంధ్రాన్ని సైజుకు చెక్కే పనిముట్టు) కొట్టాలి. ఆకురాయితోనో ఎమరీ కాగితంతోనో సరిపెడితే 10,000 కిలోమీటర్లకు మళ్లీ ఇదే కథ. బుష్‌లోని గ్రీజు రంధ్రం స్టబ్ యాక్సిల్ (చక్రం ఎక్కే ఇరుసు) రంధ్రంతో కలవాలి. ఇది తప్పినా గన్‌తో కొడుతుంటే గ్రీజు లోపలికి వెళ్తున్నట్టే అనిపిస్తుంది, పిన్ను మాత్రం ఎండిపోతుంది. నిలువు ఆట షిమ్‌లతో (పలుచని రేకులతో) సరిచేసి ఫీలర్ గేజితో చూసుకోవాలి. లోడు బండికి ప్రతి గ్రీజింగ్‌లో పాత నల్ల గ్రీజు పోయి కొత్తది పైనా కిందా బయటికి వచ్చేదాకా కొట్టండి.

పని వరస తిప్పకండి: ముందు టార్క్ రాడ్లు, తర్వాత కింగ్ పిన్, చివరికి టో. రేడియల్స్‌కు మామూలుగా 0 నుంచి 2 మి.మీ. టో ఇన్, మీ మోడల్ మాన్యువల్లో ఏముంటే అది.

హోరు_వినేవాడు:

ఇంకో ముచ్చట. ఇయ్యన్ని చేసినంక గూడ హోరు పోదు, అప్పుడు మెకానిక్‌ను తిట్టకు. గుంతలు పడ్డ టైరు గుంతలతోనే తిరుగుతది. గా కుడి టైరును వెనక జంటల లోపలి దిక్కు ఎయ్యి, మెల్లగ సాపు అయితది. పక్క టైరుతోని ఎత్తు 6 మి.మీ.కు మించి తేడా ఉండొద్దు. రెండూ ఒక్క హబ్ మీద తిరుగుతయి గదా, చిన్నది రోడ్డు మీద రుద్దుకుంటనే పోతది. 12 మి.మీ. తేడా ఉంటె కిలోమీటరుకు 11 మీటర్లు రుద్దుడే. లోపలి టైరుకు గాలి వాల్వ్ పొడుగు గొట్టం ఎయ్యి, లేకుంటె ఎవ్వరూ చూడరు. ఎండల నడిచినంక గాలి 10, 15 పీఎస్ఐ పెరుగుతది, గది తియ్యొద్దు.

ఎడమ టైరును రిమ్ము మీద తిప్పి ఎక్కించు, అరిగిన అంచు లోపలికి పోతది. రింగు రిమ్ము గదా, రింగు ఎగిరితె తగలకుండ గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంల పెట్టియ్యి. కుడి దిక్కు ముందటికి రీట్రెడ్ (పాత టైరుకు కొత్త రబ్బరు అతికిచ్చింది) ఎయ్యకు, కొత్తదే కొను. జంట తప్పుతదనుకుంటె రెండూ కొత్తయి ఎయ్యి, ఎడమది స్టెప్నీకి పనికొస్తది. గాడి లోతు 1.6 మి.మీ. దాంక చట్టం ఒప్పుకుంటది గానీ, ముందు చక్రం మీద 4 కాడనే దింపి ఎనకకు పంపుడు మేలు.