ఫ్యాబ్రిక్ విమానానికి పై కోటు: వినైలా, యూరిథేనా? (ఎండలోనే ఉంచాల్సి వస్తే)

గల్ఫ్_గరాజ్:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్ దగ్గర మా గరాజ్‌లో కిట్‌ఫాక్స్ (విడిభాగాల కిట్‌గా వచ్చే చిన్న విమానం) కడుతున్నాను. రెక్కలకు, తోకకు పాలియెస్టర్ ఫ్యాబ్రిక్ అంటించి, ఇస్త్రీపెట్టెతో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర బిగించడం అయిపోయింది. పాలీ-ఫైబర్ కంపెనీ పద్ధతిలో వెళ్తున్నా. తొలి పూతగా గులాబీ రంగు పాలీ-బ్రష్ పట్టించాను, ఇక ఎండను ఆపే పాలీ-స్ప్రే సిల్వర్ కొట్టాలి. ఆ పైన ఏం కొట్టాలన్నదే టెన్షన్. వాళ్ల వినైల్ రంగు పాలీ-టోన్ అయితే మెరుపు ఉండదు. టూ-పార్ట్ (హార్డెనర్ కలిపి కొట్టే) యూరిథేన్ అయితే అద్దంలా ఉంటుంది కానీ పగుళ్లు వస్తాయని సగం మంది, రావని సగం మంది. హ్యాంగర్ ఇంకా దొరకలేదు, వెయిటింగ్ లిస్టులో ఉన్నా. అప్పటిదాకా విమానం బయట తాళ్లతో కట్టి ఉంచాలి. ఎక్కువ కాలం మన్నేది ఏది? రంగు ఎరుపు. అది మా ఆవిడ నిర్ణయం, దాని మీద చర్చ లేదు.

తోకచక్రం:
వినైల్. బయట ఉండే విమానానికి ఎప్పుడో ఒకప్పుడు చిరుగు పడుతుంది. వడగళ్లు పడొచ్చు, పెట్రోల్ పోసేటప్పుడు నిచ్చెన జారొచ్చు, పక్కవాడి ప్రొపెల్లర్ గాలికి రాయి లేవొచ్చు. వినైల్ అయితే ఎంఈకే సాల్వెంట్‌తో తడిపిన గుడ్డ పెట్టి తుడుస్తూ పోతే రంగు దిగుతుంది, తర్వాత సిల్వర్ దిగుతుంది, చివరికి ఫ్యాబ్రిక్ నేత కనిపిస్తుంది. ప్యాచ్ అంటించి మళ్లీ అవే కోట్లు కొడితే కొత్తది పాతదానిలోకి కరిగి కలిసిపోతుంది. యూరిథేన్ గట్టిపడ్డాక ఎంఈకేకి లొంగదు. ఇసుక కాగితంతో గీకాల్సిందే. గీకుతూ గీకుతూ దారాలు తెగితే అంగుళం చిరుగు కాస్తా జానెడు అవుతుంది.

మెరుపు_కావాలి:
అన్నా, ఎప్పుడో పడబోయే చిరుగు కోసం విమానాన్ని ఇప్పటినుంచే మసకగా తిప్పమంటావా? ఎండలో వినైల్ త్వరగా వెలిసిపోతుంది, పెట్రోల్ కారితే మరక పడుతుంది. యూరిథేన్ మీద ఆయిల్, పురుగులు, పక్షుల రెట్ట అన్నీ తుడిస్తే పోతాయి. ఇక పగుళ్ల సంగతి. అవి ఎక్కువగా కనిపించేది కారు పెయింట్ కొట్టినవాటి మీద. కారు రేకు కదలదు, ఫ్యాబ్రిక్ క్షణక్షణం అదురుతూనే ఉంటుంది. పాలీ-ఫైబర్ వాళ్లే ఫ్యాబ్రిక్ కోసం ఏరో-థేన్ అని వంగే యూరిథేన్ అమ్ముతున్నారు. తయారీదారే ఇస్తున్నప్పుడు భయం దేనికి?

తోకచక్రం:
ఏరో-థేన్‌కి నేను వ్యతిరేకం కాదు. చాలామంది యూరిథేన్ అనగానే కార్ల దుకాణానికి వెళ్లి చవగ్గా దొరికింది తెస్తారు. అందులో పెయింట్ వంగేలా చేసే ఫ్లెక్స్ మందు కలిపితే సరిపోతుందంటారు. అది ప్లాస్టిక్ బంపర్ల కోసం చేసిన మందు. బంపర్ ఎప్పుడో ఒకసారి వంగుతుంది. మన ఫ్యాబ్రిక్ ఇంజిన్ తిరిగినంతసేపూ వణుకుతుంది.

ఊపిరి_ముఖ్యం:
మన్నిక గురించే మాట్లాడుతున్నారు, కొట్టే మనిషి మన్నిక ఎవరికీ పట్టదా? టూ-పార్ట్ యూరిథేన్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి మామూలు బొగ్గు ఫిల్టర్ మాస్క్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, బయటినుంచి శుభ్రమైన గాలి పంపే హుడ్ కావాలి. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా రావచ్చు. ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో, పక్క గదిలో పిల్లలు ఉండగా ఆ పని చేయకండి. స్టూవర్ట్ వాళ్ల నీటి ఆధారిత పద్ధతి వైపు చూడండి అనేవాళ్లుంటారు. జిగురు, ఫిల్లర్ విషయంలో వాసన తక్కువే. పై కోటులో మాత్రం దానికీ హార్డెనర్ కలుస్తుంది. నీళ్లే కదా అని మాస్క్ తీసేయకూడదు.

పుష్పక్_రోజులు:
నేను ఫ్లయింగ్ క్లబ్‌లో మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ని. 1958లో మొదటిసారి ఎగిరిన హెచ్ఏఎల్ పుష్పక్‌కి గుడ్డ మార్చిన చేతులివి. అప్పట్లో నూలు గుడ్డ, దాన్ని బిగించే డోప్ అనే పూత. నైట్రేట్ డోప్ డబ్బా తెరిస్తే చుట్టుపక్కల బీడీ వాసన కూడా రాకూడదు, అంత త్వరగా అంటుకుంటుంది. బ్యూటిరేట్ డోప్‌కి ఇంకో జబ్బు. ఏళ్లు గడిచినా బిగుసుకుంటూనే ఉండి, పలచని అంచుల్ని వంచేసేది. ఆ బాధలు మీకు లేవు.

బాబూ, మీరంతా పై రంగు దగ్గరే కొట్టుకుంటున్నారు. పాలియెస్టర్‌కి అసలు శత్రువు ఎండలోని అతినీలలోహిత కిరణాలు. ఏ పూతా లేకుండా బయట వదిలితే నెలల్లోనే బలం పడిపోవడం మొదలవుతుంది. దాన్ని కాపాడేది సిల్వర్ కోటులోని అల్యూమినియం పొడి. ఇక్కడే మెరుపు పిచ్చి నష్టం చేస్తుంది. పైన నున్నగా రావాలని సిల్వర్‌ని ఇసుక కాగితంతో రుద్దుతారు. గుడ్డను రెక్క లోపలి రిబ్‌లకు కుట్టిన ముడుల మీద, టేపు అంచుల మీద, రివెట్ తలల మీద ఎత్తుగా ఉన్నచోటే కాగితం ఎక్కువ తింటుంది. అక్కడ సిల్వర్ పోతుంది. ఆ పైన ఎంత ఖరీదైన యూరిథేన్ కొట్టినా కొన్నేళ్లకు గుడ్డ వదిలేసేది సరిగ్గా ఆ గీత వెంటే. రుద్దితే రుద్దారు, రుద్దిన చోట మళ్లీ సిల్వర్ కొట్టండి.

సిల్వర్ అయ్యాక రెక్కను ఎండలోకి తీసుకెళ్లి, తనిఖీ రంధ్రంలోంచి లోపలికి చూడు. చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లు అలవాటు పడేదాకా ఆగు. లోపల చీకటిగా ఉండాలి. ఎక్కడైనా బూడిద రంగు వెలుగు మచ్చ కనిపిస్తే సుద్దతో బయట గుర్తు పెట్టుకో.

మెరుపు_కావాలి:
గురువుగారూ, ఇది నా వాదనకే బలం కదా? సిల్వర్ బాగుంటే పైన ఏదైనా ఒకటే. అప్పుడు కడగడానికి వీలున్నదే నయం.

చవక_రెక్కలు:
సిల్వర్ బాగుంటే ఏదైనా ఒకటే అంటున్నారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. ఇంటి బయటి గోడలకు వేసే లేటెక్స్ రంగు. అల్ట్రాలైట్లు కట్టేవాళ్లు కొందరు వాడారు. ముందు నల్ల కోటు, పైన కావాల్సిన రంగు. వెలుగు దూరదు, వాసన లేదు, ఖర్చు చాలా తక్కువ. మనది ఎక్స్‌పెరిమెంటల్ (సొంతంగా కట్టుకున్న) విమానం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే సర్టిఫై అయిన పైపర్ కబ్ అయితే ఎస్‌టీసీలో, అంటే ఆ మార్పుకు ప్రభుత్వం ఇచ్చిన ఆమోద పత్రంలో రాసిన పద్ధతి దాటకూడదు.

తోకచక్రం:
అనుమతి అక్కర్లేదంటే ఆలోచన అక్కర్లేదని కాదు తమ్ముడూ. వెలుగు ఆగుతుంది, ఒప్పుకుంటా. అంటుకోవడం సంగతేంటి? పాలీ-బ్రష్ ఫ్యాబ్రిక్ నేతలోకి దిగి దారాలను చుట్టుకుంటుంది, మీద కోట్లన్నీ దానిలోకి కరుగుతాయి. లేటెక్స్ ఎక్కువగా పైపైన పట్టుకుని ఉంటుంది. ఒకచోట అంచు లేచిందంటే గాలి దాన్ని పట్టుకుని ఒలిచేస్తుంది. ప్యాచ్ వేయాలంటే ఆ రబ్బరు పొరని తీయడం ఇంకో నరకం. పాలీ-బ్రష్ పట్టించేసినవాళ్లు మధ్యలో పద్ధతి మార్చడం అసలు మంచిది కాదు.

మబ్బుల_మధ్య:
అసలు పెయింటే లేకుండా ఒరాటెక్స్ వేసుకుని ఉండాల్సింది. జర్మనీ ఫ్యాబ్రిక్, రంగు అందులోనే ఉంటుంది, బరువూ తగ్గుతుంది. ఖరీదెక్కువ. ఇప్పుడు చెప్పి లాభం లేదనుకోండి.

పుష్పక్_రోజులు:
బరువు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఎలివేటర్, ఫ్లాపెరాన్ల (తోక, రెక్కల వెనక కదిలే పలకల) వెనక అంచు మీద ఒక్క కోటు ఎక్కువైనా బ్యాలెన్స్ మారుతుంది. బ్యాలెన్స్ తప్పితే ఫ్లట్టర్, అంటే గాల్లో ఊగి ఊగి విరిగిపోయే ప్రమాదం. తూకం పెయింట్ అయ్యాకే చూడాలి, ముందు చూసింది లెక్కలోకి రాదు. మెరుపు కోసం కోటు మీద కోటు కొట్టేవాళ్లు ఇది మర్చిపోతారు.

గల్ఫ్_గరాజ్:
అందరికీ థాంక్స్. గాలి పంపే హుడ్ నా దగ్గర లేదు, పిల్లలు పక్క గదిలోనే ఉంటారు. అందుకని రెక్కలకు, తోకకు వినైల్ ఖాయం చేశాను. ఇంజిన్ మీది మూత, అంటే కౌలింగ్, ఫైబర్‌గ్లాస్, అక్కడే పెట్రోల్, ఆయిల్ కారేది. దానికి యూరిథేన్, అదీ బయట పెయింట్ షాపులో కొట్టిస్తా. రెండు ఎరుపులూ కలవకపోతే మధ్యలో తెల్ల పట్టీ వేస్తాను. ఇంకో ప్రశ్న: మా దగ్గర ఉక్క విపరీతం. స్ప్రే చేస్తే తెల్లగా పాలిపోతుందంటున్నారు, నిజమేనా?

తోకచక్రం:
నిజమే. సాల్వెంట్ త్వరగా ఆవిరై ఆ చోటు చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పడి పాలపొరలా తేలుతుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపితే కొంత తగ్గుతుంది. అంతకన్నా మంచిది, అక్టోబర్ తర్వాత ఉత్తరగాలి దిగి పొడిగా ఉన్న రోజు చూసుకోవడం. ఎరుపు కింద తెల్ల కోటు మర్చిపోకండి. ఎరుపు నేరుగా సిల్వర్ మీద కొడితే మాసినట్టు వస్తుంది, దాన్ని కప్పడానికి కోట్ల మీద కోట్లు కొట్టి బరువు పెంచుకుంటారు.

మెరుపు_కావాలి:
కౌలింగ్‌కి యూరిథేన్ అన్నారుగా, సగం గెలిచాను. రెండేళ్లు టెక్సస్ ఎండలో ఉన్నాక కౌలింగ్, రెక్క పక్కపక్కన ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం తోకచక్రం అన్నా.

తోకచక్రం:
పెట్టండి. వడగళ్ల వాన పడ్డాక తీస్తే ఇంకా మంచిది.