విపిఎన్, మాయమయ్యే మెసేజ్‌లు, దొంగ నంబర్లు: మన జిల్లాల్లో మీరు చూసింది చెప్పండి

బురుజు వీధి (కర్నూలు)
నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. సెకండియర్ అమ్మాయి ఒకతె వచ్చి ఫోన్ చూపించింది. ఇన్‌స్టాలో ఉన్న ఆమె ఫొటో నుంచి మొహం తీసి, వేరే ఒంటికి అతికించి ఎవడో పంపినాడు. డబ్బు వేయకుంటే చుట్టాలందరికీ పంపుతాడంట. టెలిగ్రామ్ సీక్రెట్ చాట్, విదేశీ నంబరు, చదివిన కాసేపటికే మెసేజ్ మాయం. స్టేషన్‌కు పోతే "వాడు విపిఎన్‌లో ఉంటాడమ్మా, కష్టం" అన్నారంట. (విపిఎన్ అంటే మన నెట్‌ను వేరే కంపెనీ సర్వర్ గుండా తిప్పి, అసలు చోటు తెలియకుండా చేసేది.)

నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోండి, ఎన్‌క్రిప్షన్ (పంపినోళ్లు, అందుకున్నోళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా మెసేజ్‌కు వేసే తాళం) ఉన్న యాప్‌లే వాడండి అని క్లాసులో చెప్పేది నేనే. అమ్మాయిలను కాపాడేదీ అదే, వాడు దాక్కునేదీ దాని వెనకే. పిల్లలకు ఈ సంగతి ఎట్ల చెప్పాల? మీ దగ్గర జరిగినవి రాయండి. పేర్లు, నంబర్లు వద్దు.

టవర్‌క్లాక్ (అనంతపురం)
మేడమ్, "విపిఎన్ ఉంటే దొరకడు" అనేది సగమే నిజం. నేను ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తా, రోజంతా విపిఎన్‌లోనే ఉంటా. మనం ఏ సైటుకు పోతాండామో నెట్ ఇచ్చే కంపెనీకి కనపడదు, దానికి బదులు విపిఎన్ కంపెనీకి కనపడుతుంది. పక్కింటోన్ని నమ్మక బీగంచెవి తీస్కపోయి పక్కూరోని చేతిలో పెట్టినట్ల.

ఆ పక్కూరోడు ఎట్లాంటోడో చూసుకోవాల. ఫేస్‌బుక్ వాళ్లది ఒనావో అని ఉచిత విపిఎన్ ఉండేది. జనం ఏ యాప్ ఎంత వాడతాండారో అదే ఫేస్‌బుక్‌కు చేరవేసేది, 2018లో యాపిల్ స్టోర్ నుంచి పోయింది. హోలా అయితే ఉచితంగా వాడేవాళ్ల కనెక్షన్‌నే బయటోళ్లకు అమ్ముకునింది, 2015లో బయటపడింది. అంటే మన ఇంటి ఐపీ అడ్రసు (నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) మీద ఎవడో తప్పు చేస్తే, ఆరా మన ఇంటికొస్తుంది. ఉచిత విపిఎన్ వేసుకున్న పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశమిచ్చింది: విపిఎన్ కంపెనీలు వాడకందార్ల పేరు, అడ్రసు, ఐపీ 5 ఏళ్లు దాచిపెట్టాల. ఒప్పుకోని కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేసినాయి. ఆ దారిలో ఆరా ఆలస్యమయ్యేది నిజమే. కానీ బెదిరించేవానికి డబ్బు కావాల కదా! యూపీఐ ఐడీ వెనక బ్యాంకు ఖాతా ఉంటుంది, ఖాతాకు కేవైసీ ఉంటుంది. ఖాతా ఇంకొకరి పేరున కొన్నదైనా సరే, తీగ అక్కడ్నుంచే లాగాల.

హంద్రీ గట్టు (కర్నూలు)
ఇవన్నీ బ్యాన్ చేసేస్తే పీడ పోతుంది కదన్నా. తప్పు చేయనోనికి దాచుకునేది ఏముంటాది?

వానమబ్బు (అనంతపురం)
తమ్ముడూ, నీకు లేకపోవచ్చు. నాకు ఉండాది.

కొట్టే మొగుణ్ని వదిలేసి వచ్చినదాన్ని. ఏ చుట్టాలింటికి పోయినా సాయంత్రానికి ఆ గుమ్మం ముందర నిలబడేవాడు. ఎవరో చెప్తాండారని అనుకుని అందరినీ అనుమానించినా. చెప్పింది నా ఫోనే. నా వాట్సాప్ ఆయన ల్యాప్‌టాప్‌లో కూడా తెరిచి ఉండింది. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆయన పేరు మీద ఆన్‌లో ఉండింది. ఇవి కాక, నేను ఎప్పుడూ వేసుకోని యాప్ ఒకటి, ఏదో సెట్టింగ్ మాదిరి పేరు పెట్టుకుని, లోపల అన్నీ చూసే పర్మిషన్లు తీసుకుని కూర్చునింది. అట్లాంటి యాప్‌లను "పిల్లల భద్రత కోసం" అని చెప్పి అమ్ముతారు.

ఇప్పుడు సిగ్నల్ వాడతా. 2024 నుంచి అందులో నంబరు దాచి యూజర్‌నేమ్‌తోనే మాట్లాడొచ్చు. అది లేకుంటే మా అమ్మతో కూడా మాట్లాడలేను. బ్యాన్ చేస్తే దొంగ ఇంకో దారి వెతుక్కుంటాడు, నాలాంటోళ్లకు ఉండేది ఈ ఒక్క దారే.

ఇట్ల ఇరుక్కున్న అక్కచెల్లెళ్లు ఎవరన్నా చదువుతాంటే: ఆ యాప్ కనపడిన వెంటనే తీసేయొద్దు, వానికి తెలిసిపోతుంది. ముందు వేరేవాళ్ల ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి, భద్రమైన చోటికి చేరండి. ఆ తర్వాతనే వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తీయడం, పాస్‌వర్డులు మార్చడం.

ఏడురోడ్లు (కడప)
కోర్టులో వాదించే వకీలును. ఈమె మాటకు అండ ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాట మీద గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. హద్దు లేని హక్కు కాదు. చట్టం ఉండి, న్యాయమైన అవసరం ఉండి, ఆ అవసరానికి మించకుండా ఉంటేనే ప్రభుత్వం చేయి పెట్టాలి. మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్న 2021 ఐటీ నిబంధన మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది కూడా ఈ హక్కు మీదనే. ఒక్కడిని పట్టుకోడానికి అందరి మాటలకూ గుర్తు వేయడం నాకూ సమ్మతం కాదు.

మేడమ్, ఆ అమ్మాయి సంగతి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి. ఐటీ చట్టం సెక్షన్ 67ఎ (అశ్లీల ఫొటోలు పంపడం), బీఎన్‌ఎస్ అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 (బెదిరించి డబ్బు గుంజడం) పేర్లు ఫిర్యాదులో ఉండాలి. ఫోన్ రీసెట్ చేయొద్దు, నంబరు బ్లాక్ చేసే ముందు ఉన్నవన్నీ భద్రం చేయండి. కోర్టులో వాటికి సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)
మా చిన్నాయన బంగారు ట్రేడింగ్ అని టెలిగ్రామ్ గ్రూపులో డబ్బు పెట్టినాడు. ఒక రాత్రి గ్రూపే లేదు, చాట్ మొత్తం రెండు పక్కలా తుడిచేసినారు. మిగిలింది బ్యాంకు మెసేజ్‌లో ట్రాన్సాక్షన్ నంబరు ఒక్కటే. అది పెట్టుకుని అప్పటికప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తే కొంత సొమ్ము అవతలి ఖాతాలోనే ఆగింది. తెల్లారినాక చూద్దాంలే అనుకునింటే అదీ పోయేది.

బురుజు వీధి (కర్నూలు)
అందరికీ దండాలు. సీక్రెట్ చాట్‌లో స్క్రీన్‌షాట్ రాలేదు, వాళ్లమ్మ ఫోన్‌తో ఫొటోలు తీసినాం, వాడిచ్చిన యూపీఐ ఐడీతో సహా. వకీలు గారు చెప్పినట్లు రాసి ఫిర్యాదు ఇచ్చినాం, రాసుకున్నారు.

ఇంకొకటి. స్టాప్ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫొటో మన ఫోన్ దాటదు. ఫోన్లోనే దానికొక డిజిటల్ ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలకు పోతుంది. అదే ఫొటో ఎవడన్నా అక్కడ ఎక్కిస్తే పట్టుకుంటాయి. మార్ఫింగ్ ఫొటోలకూ పనికొస్తుంది. "మేడమ్, ఎవరూ చూడరు కదా" అని మళ్లీ మళ్లీ అడిగి, అప్పుడు నొక్కింది ఆ అమ్మాయి. చేరిన కంపెనీలలోనే ఇది పనిచేస్తుంది, అన్నిచోట్లా కాదు. అది కూడా ఆమెకు చెప్పినాను.

టవర్‌క్లాక్ (అనంతపురం)
ఇంటర్, పదో తరగతి పిల్లలకు ఆ సైటు కుదరదు మేడమ్, 18 నిండాల. వాళ్లకు టేక్ ఇట్ డౌన్ అని వేరేది ఉంది, ఇదే మాదిరి పనిచేస్తుంది.