అమెరికా నుంచి హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ కొనడం: తనిఖీ ఎలా?

ప్రశ్న: మియాపూర్‌లో పన్నెండేళ్ల ఫ్లాట్, చివరి అంతస్తు. మేం డాలస్‌లో ఉన్నాం. మనిషిని పంపితే ఏమేం చూడమనాలండీ?

జవాబు: అమ్మేవాళ్లతో గానీ ఏజెంటుతో గానీ సంబంధం లేని సివిల్ ఇంజనీరును పెట్టుకోండి. చివరి అంతస్తు కాబట్టి ముందు స్లాబు. గట్టి వాన పడ్డ రెండు మూడు రోజులకు పంపండి. ఎండాకాలంలో కొత్త రంగు కింద చెమ్మ దాగిపోతుంది. కప్పు మూలల్లో, బాత్రూం వెనక గోడలకు మాయిశ్చర్ మీటరు పెట్టించండి. స్లాబు లోపలి ఇనుప చువ్వ వెంబడి పగులు, తుప్పు మరక ఉంటే లోపల ఇనుము ఉబ్బుతోందన్నమాట. పైన సిమెంటు పూస్తే అది ఆగదు.

జవాబు: కింది ఫ్లాట్‌వాళ్లను అడిగి వాళ్ల బాత్రూం కప్పు కూడా చూడమనండి, లీకు బయటపడేది అక్కడే. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే ట్రిప్ అవ్వాలి.

జవాబు: ఆమోదిత ప్లానులో అంతస్తులు లెక్కపెట్టండి, ఇది మరీ ముఖ్యం. చివరిది అనుమతి లేకుండా కట్టిందైతే లోను కష్టం. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని అధికారులిచ్చే పత్రం) లాయరుకు చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి.